కోటు లోపలి మనిషి

కరిగిన తేనెమైనం కుట్టులోకి దిగేటప్పుడు ఊదకూడదు. ఊదితే పైపైన గడ్డకట్టి, మొదటి వానకే పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది. అందుకని తిమోతి ఊపిరి బిగబట్టి, ఇస్త్రీపెట్టెను కోటుకు జానెడు ఎత్తున పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో భుజం కుట్టు వెంబడి మైనాన్ని రుద్దుతున్నాడు. ఆ బొటనవేలికి గీతలు ఏనాడో అరిగిపోయాయి. నున్నగా, గోధుమరంగు తిరిగి, చింతపిక్కలా ఉంటుంది. దానికి వేడి తెలియదు. సబ్బుతో రుద్దినా మైనం వాసన పోదు. ఆదివారం గుళ్ళో చేతులు జోడించినప్పుడు కూడా అతనికి ముందు మైనమే గుర్తొచ్చేది, తర్వాతే దేవుడు.

ఆ కోటు ఒక ఫారెస్టు గార్డుది. దాని కింద ఇంకొకటి, కుప్పం బస్సులో వచ్చింది, రైలుపట్టాల పనివాడిది. దాని కింద ఒక నర్సమ్మది. బయట తెల్లవారినప్పటి నుంచి తుంపర పడుతూనే ఉంది. పడేది లేదు, ఆగేది లేదు, పీనాసి దానం మాదిరి. ప్రతి బస్సు హారనుకూ తిమోతి తలెత్తి వీధివైపు చూస్తున్నాడు.

మదనపల్లె బజారులో అంకయ్య వానకోట్ల అంగడి అంటే తెలియనివాళ్ళు ఆ చుట్టుపట్ల తక్కువ. మందపాటి కాన్వాసుకు అవిసెనూనె, మైనం పట్టించి కుట్టిన కోట్లు. తల మీదికి టోపీ కూడా దానికే ఉంటుంది. తపాలా మోసేవాళ్ళు, రోడ్డు మేస్త్రీలు, సైకిలు మీద పల్లెలు తిరిగే మిషను ఆసుపత్రి నర్సమ్మలు, వానలో బతుకు వెళ్ళదీసేవాళ్ళంతా అక్కడికే వచ్చేవాళ్ళు. అమ్మేటప్పుడు అంకయ్య ఒకటే మాట చెప్పేవాడు, "సినిగితే తీసకరాప్పా, కూలి అడగను" అని. చెప్పి ఊరుకోలేదు, నిలబెట్టుకున్నాడు. కుప్పం నుంచి, వాయల్పాడు నుంచి కండక్టరు చేతికిచ్చి పంపినా సరే, కుట్టి, మైనం పట్టించి, తిరిగి ఆ బస్సుకే ఎక్కించేవాడు. ఇట్లా అయితే దివాలా తీస్తావని పక్క కొట్టు శెట్టి భయపెడితే, "కోటు అమ్మేదంటే కూతురునిచ్చినట్లు సామీ. పుట్టింటికొస్తే వాకిలి మూస్తామా?" అని నశ్యం పీల్చి తుమ్మేవాడు. దివాలా తీయలేదు సరికదా, యుద్ధం రోజుల్లో కాన్వాసంతా మిలిటరీకి పోయి కొత్త కోటు కుట్టే దారే లేనప్పుడు, ఆ మంచిపేరు చూసి జనం గొడుగులూ బండిగుడారాలూ బాగుకు తెచ్చారు. అంగడి నిలబడింది. యుద్ధం అయిపోయి ఏడాది దాటినా కొత్త కాన్వాసు ఇంకా రాలేదు. పాతవాటినే బతికించుకుంటూ వస్తున్నారు.

బాగుచేసిన కోటును మడతపెట్టి చేతిలో పెట్టడం ఆ అంగట్లో లేదు. కుట్టినవాడే దాన్ని తొడుక్కుని, టోపీ కప్పుకుని, పెరట్లో బండమీద గోడవైపు తిరిగి నిలబడాలి. పైన దూలానికి వేలాడే చిల్లుల డబ్బాలో అంకయ్య నిచ్చెనెక్కి కడవతో నీళ్ళు పోస్తాడు. కోటు గలవాళ్ళు వెనక బల్లమీద కూర్చుని చూస్తారు. ముందుగా కారేది వీపూ భుజాలే గనక వీపే చూపాలి. వాళ్ళు "సాలు" అనేదాకా నీళ్ళు ఆగకూడదు, మనిషి కదలకూడదు. తర్వాత కోటు విప్పి, లోపలి చొక్కా పొడిగా ఉందని చూపించి, ఒంటి వెచ్చదనంతోనే అందించాలి. మొదట్లో అంకయ్య ఈ పనికి మట్టికుండ కట్టించాడు. నీళ్ళు కారే చిల్లుకుండను చూడగానే జనానికి కాటిలో పగలగొట్టే కుండ గుర్తొచ్చింది. ఒకాయన కోటు కూడా తీసుకోకుండా లేచిపోయాడు. అప్పుడు దాన్ని పగలగొట్టించి కిరసనాయిలు డబ్బాకు చిల్లులు కొట్టించాడు. డబ్బాను చూసి ఎవరూ జడుసుకోలేదు. చావు రేకుడబ్బాలో రాదని జనం ధీమా కాబోలు.

తిమోతి బతుకులో సగం ఆ బండమీదే గడిచింది. ఊళ్ళో చాలామందికి అతని వీపు తెలుసు, మొహం తెలియదు. మొహం కూడా గుర్తుపెట్టుకునేంత మొహం కాదు. స్ఫోటకపు మచ్చలు, చెంపల దగ్గర నెరిసిన వెంట్రుకలు, ఎవరైనా పలకరిస్తే క్షమించమన్నట్టు వంగే మెడ. వీపు మాత్రం నిటారుగా, పాతికేళ్ళవాడి వీపులా ఉండేది. ఒక కరువు ఏట మిషను కాంపౌండు గేటు దగ్గర ఎవరో గోనెసంచిలో చుట్టి వదిలిపోయిన పసిగుడ్డు అతను. దొరసాని ఆ పేరు పెట్టింది. ఆ పేరుగల భక్తుడికి తల్లీ అవ్వా ఇద్దరూ ఉన్నారని ఆదివారం బడిలో విన్నప్పుడు పిల్లవాడికి ఏడుపొచ్చింది. పేరైతే ఇచ్చారు, మనుషులను ఇవ్వలేదు. మిషను పనిబడిలో కుట్టు నేర్చుకున్నాడు. పెళ్ళిమాట ఒకసారి వచ్చింది. పిల్ల మేనమామ "ఎవురి బిడ్డ?" అని అడిగాడు. ఆ మాట అక్కడితో ఆగింది. మళ్ళీ ఎవరూ ఎత్తలేదు, తిమోతీ ఎత్తలేదు. గుడి వెనక ఒక గది, ఒక చాప, ఒక బొగ్గుల కుంపటి. జ్వరమొస్తే నుదుటిమీద చెయ్యి వేసి చూసే మనిషి లేదు. అందుకు ఎవరినీ నిందించలేదు, తనలో తాను కూడా.

అలాంటివాడిని పుంగనూరు మునెమ్మ చూపు పట్టుకుంది.

ఆమె కొడుకు రెడ్డెప్ప పుంగనూరు నుంచి పల్లెలకు తపాలా సంచి మోసేవాడు. ఒక వానాకాలం దారిలో దాటాల్సిన వంక పొంగింది. సంచి తడవకూడదని కోటు విప్పి దానికి చుట్టాడు కాబోలు, సంచీ కోటూ దిగువన తుమ్మకంపకు చిక్కుకుని దొరికాయి. మనిషి దొరకలేదు. ఎంత వెతికినా దొరకలేదు. కంపకు చీలిన ఆ కోటును మునెమ్మ మరమ్మతుకు తెచ్చింది. తిమోతి కుట్టి, తొడుక్కుని, నీళ్ళకింద నిలబడ్డాడు. సాలు అనే మాట ఎంతకీ రాలేదు. అంకయ్య కడవమీద కడవ పోశాడు. చివరికి ఆ మాట ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు వినిపించింది. విప్పి అందిస్తే ఆమె అతని మొహంవైపు చూడలేదు, కోటునే చూసింది.

మరుసటి వానాకాలం మళ్ళీ వచ్చింది, చినిగిందని. ఇంట్లో కొయ్యకు వేలాడే కోటు ఎట్లా చినుగుతుంది? చీలిక తిన్నగా, పోగు చెదరకుండా ఉంది. కొడవలి కోత. తిమోతి కుట్టాడు. ఆ పై ఏడాదీ అంతే. కొడుకు వీపు ఒక్కసారి చూసుకోవడానికి ఆమె కొడుకు కోటునే కోసుకుంటోంది. ఆ చూపు వీపుమీద ఆనినప్పుడు, నీళ్ళకన్నా ముందే, తిమోతికి తెలిసిపోయేది. కన్నతల్లి చూపు ఎట్లా ఉంటుందో అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పనక్కర లేకపోయింది.

ఆ కోటులో మాత్రం అతని ఒళ్ళు అతని మాట వినేది కాదు. ఎడమభుజం దానంతటదే దిగేది, సంచి బరువు ఉన్నట్టు. మైనం వాసన కింద నుంచి వంకనీటి వాసన, కుళ్ళిన ఆకుల వాసన పైకొచ్చేవి. చేతులకొసల్లో చలి పాకేది. దయ్యాలు లేవని పాస్టరు చెప్పిన మాట తిమోతి నమ్మాడు. నమ్మినా, ఆ కోటు తొడుక్కున్న రోజు ఇంటికిపోయి అన్నం తినలేకపోయేవాడు. అయినా వానాకాలం ముఖం చూపగానే పుంగనూరు బస్సు కోసం చెవులు రిక్కించేవాడు. భయమూ ఆశా ఒకే కుండలో ఉడికితే ఎట్లా ఉంటుందో అతనికి తెలుసు.

పోయినేడు నీళ్ళ చప్పుడులో వెనకనుంచి పిలుపు వచ్చింది, "రెడ్డెప్పా" అని. తిమోతి "ఆఁ" అన్నాడు. నోరు జారిందని ఏడాది పొడుగునా తనకు తాను చెప్పుకున్నాడు. జారలేదు. పలకాలనిపించింది, పలికాడు.

పుంగనూరు బస్సు వచ్చి ఆగింది. కాసేపటికి గడప దగ్గర ఒక ఆడమనిషి నిలబడింది. మునెమ్మ కాదు. ముప్పై దాటని వయసు, తడిసి ఒంటికి అంటుకున్న చీర, చేతుల మీద మడిచిన ఆ కోటు. ఆమె వెనక, వీధి అరుగుమీద, గోడకు చేరగిలబడి మునెమ్మ కూర్చుని ఉంది. ఒక్క ఏడాదిలో మనిషి సగమైపోయింది.

"నేను పూలమ్మను, రెడ్డెప్ప పెండ్లాన్ని," అంది ఆమె గొంతు తగ్గించి. "నీతో ఒక మాట సెప్పల్ల. అత్త వినకూడదు."

తిమోతి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు.

"ఈ కోటు ఇంగ కుట్టేదానికి కాదని సెప్పప్పా. గుడ్డ సచ్చిపోయిందని సెప్పు. నీ మాటయితే ఇంటాది."

"అట్ల సెప్పేది మా అంగట్లో లేదమ్మా. గుడ్డ బాగానే ఉండాది."

పూలమ్మ ఒకసారి వెనక్కి తిరిగి అరుగువైపు చూసింది. తర్వాత అతని మొహంలోకి చూస్తూ అడిగింది.

"పోయినేడు పలికింది నువ్వే గదా?"

తిమోతి చూపు తన బొటనవేలిమీదికి దిగింది.

"పలికినాడని ఊరంతా సెప్పింది. ఆ నెలలోనే ఆయన దినము పెట్టుకున్నారు కులపెద్దలు. కొడుకు బతికుండంగా దినమేందిరా అని వాళ్ళ మీద దుమ్మెత్తి పోసింది. ఎవురూ మళ్ళా ఆ మాటెత్తలేదు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. అది వాననీరో మరొకటో తెలియలేదు. "గుడుపల్లెలో సిద్దప్పని ఉండాడు. నన్ను మారుమనువు చేసుకుంటానంటాడు. మొగుడు పోయినాడని కులంలో ఒప్పుకుంటేనే గదా? ఈ వానలు దాటితే ఇంగ కాసుకోనుండనన్నాడు. నేను ముండమోసిందాన్నీ కాదు, ముత్తైదువనూ కాదు. నన్ను ఏమని పిలస్తారో నాకే తెలీదు. నేనేం తప్పు చేసినానప్పా?"

కోటు బల్లమీద పెట్టి, వెళ్ళి అత్త పక్కన కూర్చుంది.

తిమోతి కోటు విప్పి చూశాడు. ఈసారి కోత వీపు మధ్యలో, మెడ నుంచి నడుము దాకా ఉంది. ఇంత పెద్దది ఎప్పుడూ లేదు. ఎక్కువసేపు చూడాలని కోసినట్టుంది. అంకయ్య వచ్చి వంగి చూశాడు, ముక్కుపొడుం డబ్బీ మూతమీద వేలితో తట్టాడు.

"కొడవలి," అన్నాడు.

"తెలుసునా నీకు?"

"కండ్లు లేవా నాకి? మొదుటేడే తెలుసు. సినిగిందా, కుట్టల్ల. ఎట్ల సినిగిందని అడిగేది పోలీసోడి పని, మనది కాదు." వెళ్ళబోతూ వెనక్కి తిరిగాడు. "పాపం, ఆయమ్మకీ కొడుకును సూసుకునేదానికి ఒక సోటు గావల్ల గదా."

తిమోతి కుట్టడం మొదలుపెట్టాడు. మైనం పట్టించిన దారం, వంకరసూది, లోపలినుంచి ఒక పొర, పైనుంచి ఒక పొర. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. కుట్టడానికి కాదని చెబితే అబద్ధం, పైగా అంకయ్య మాట నేలపాలవుతుంది. కుట్టి, ఎప్పటిలాగే వీపు చూపిస్తే ఆ అరుగుమీద కూర్చున్న పిల్ల బతుకు వంకలో పోతుంది. ఈ రెండింటి మధ్య మూడోది ఒకటి మెల్లగా తల ఎత్తింది, సిగ్గులేకుండా. ఈ ఒక్కసారి. ఈ ఒక్కసారి నిలబడి, ఆ చూపు వీపుమీద పడనిచ్చి, వచ్చే ఏడు చెప్పేస్తే? సిద్దప్ప కాకపోతే ఇంకొకడు దొరకడా? దొంగబుద్ధి అని తనను తాను తిట్టుకున్నాడు. తిట్టుకుంటూనే, మునెమ్మ సరిగ్గా కనబడేలా బల్లను కొంచెం ముందుకు జరపాలా అని ఆలోచిస్తున్నాడు. ప్రార్థన చేద్దామంటే ఏం అడగాలో తెలియలేదు.

మధ్యాహ్నం దాటాక మైనం ఆరింది. అత్తాకోడళ్ళు పెరట్లోకొచ్చి బల్లమీద కూర్చున్నారు. తుంపర కాస్త పెద్దదైంది. తిమోతి వాళ్ళవైపు చూడకుండా గదిలోనే కోటు తొడుక్కుని, టోపీ కనుబొమలదాకా లాక్కుని, తల వంచి నడిచి బండెక్కాడు. గోడవైపు తిరిగాడు. అంకయ్య నిచ్చెన మెట్లు కిర్రుమన్నాయి. నీళ్ళు పడ్డాయి.

చూపు వచ్చి ఆనింది.

ఎడమభుజం దిగింది. అతను దించలేదు. కాళ్ళకింద బండ లేనట్టు, ఇసుక జారిపోతున్నట్టు ఉంది. డబ్బాలోంచి పడే నీళ్ళ చప్పుడు పెరిగి పెరిగి వంకపొంగు చప్పుడైంది. గోడమీద పాచిలో బురదనీరు తిరుగుతున్నట్టు కనిపించింది. కోటు లోపల తను కాక ఇంకెవరో ఊపిరి పీలుస్తున్నారు. ఆ ఊపిరికి అతనికి భయం వేయలేదు. ఈసారి భయం వేయలేదనే భయం వేసింది. ఇంకాస్త నిలబడితే లోపలున్న ఇద్దరిలో మిగిలేది తిమోతి కాదు. మిగలకపోతే ఎవరికి నష్టం? తిమోతి కోసం ఎవరు ఏడుస్తారు? ఆ రెండోవాడి కోసమైతే ఒక తల్లి ఉంది.

"రెడ్డెప్పా," అంది మునెమ్మ. గొంతులో తొందర లేదు, పొలంలో ఉన్న కొడుకును గట్టుమీద నుంచి పిలిచినట్టుంది. "ఎంతసేపని నిలబడతావప్పా నీళ్ళల్లో? ఇంటికి పోదాము రా. నీ పెండ్లాము గూడా వచ్చిండాది, సూడు."

పూలమ్మ వెక్కిన చప్పుడు వినిపించింది. నోరు నొక్కుకున్న వెక్కు.

తిమోతి తిరిగాడు.

నీళ్ళు పడుతుండగా బండమీది మనిషి తిరగడం ఆ అంగడి పుట్టినప్పటి నుంచి లేదు. అంకయ్య చేతిలో కడవ అట్లాగే ఆగిపోయింది. తిమోతి టోపీ వెనక్కి తోశాడు. డబ్బాలో మిగిలిన నీళ్ళు అతని నెరిసిన జుట్టుమీద, మచ్చలమీద, మెడలోకి కారాయి.

"అమ్మా, నేను తిమోతిని. ఈడ కోట్లు కుట్టేవాణ్ణి. పోయినేడు పలికింది నేనే. తప్పయిపోయింది. నీ కొడుకు వంకలోనే పోయినాడమ్మా."

ఇన్నేళ్ళలో ఆమె అతని మొహం చూడటం అదే మొదలు. చాలాసేపు చూసింది. నుదురు చూసింది, ముక్కు చూసింది, గడ్డం చూసింది. సంతలో తప్పిపోయిన బిడ్డను వెతికే ఆడమనిషి ఎదురైన ప్రతి మొహాన్నీ చూసినట్టు చూసి, ఎక్కడా ఏమీ దొరకక ఆగింది. కోపం రాలేదు. వస్తే బాగుండునని తిమోతికి అనిపించింది.

"ఏల జూపిస్తివప్పా మొగము?" అంది.

ఆమె జవాబుకోసం ఆగలేదు. లేచి బండ దగ్గరికొచ్చి, కోటు గుండీలు ఒక్కొక్కటే తనే విప్పింది. ఆమె వేళ్ళు అతని ఛాతీకి తగిలాయి. కోటు తీసుకుని, నీళ్ళు దులిపి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు కాదు, అంగట్లో కొన్న గుడ్డను మడిచినట్టు నాలుగు మడతలు వేసింది.

"పెద్దలకి సెప్పు పూలమ్మా," అంది కోడలివైపు చూడకుండా. "దినము పెట్టమను. మట్టిలో పెట్టేదానికి ఇదన్నా ఉండాది."

కోటు చంకన పెట్టుకుని అంగట్లోంచి వీధిలోకి నడిచింది. వాన తలమీద పడుతున్నా దాన్ని కప్పుకోలేదు. వెనక్కి తిరగలేదు. తిమోతి తడిచొక్కాతో బండమీదే ఉన్నాడు. వీపు చల్లగా ఉంది. అక్కడ ఇక ఎవరి చూపూ లేదు. గోనెసంచి నాటి ఏడుపు, ఇన్నేళ్ళూ ఎక్కడ దాక్కుందో గాని, ఇప్పుడు వచ్చింది. నీళ్ళలో అది ఎవరికీ కనబడలేదు.

పూలమ్మ అత్త వెనకాలే రెండడుగులు వేసి, ఆగి, అతనివైపు చూసి చేతులు జోడించింది. సంతోషించవలసిన పిల్ల, ఆమె కూడా ఏడుస్తూనే ఉంది.

"అమ్మా, మీ అత్త మూట మరిసిపోయింది," అన్నాడు అంకయ్య నిచ్చెన దిగుతూ.

బల్లమీద, మునెమ్మ కూర్చున్నచోట, చిన్న సద్దిమూట ఉంది. ఇంతసేపూ ఒళ్ళో కొంగు కింద పెట్టుకుని ఉన్నట్టుంది. పూలమ్మ దాన్ని చూసింది, ముట్టుకోలేదు.

"మరిసిపోలేదప్పా. పోయినేడు పలికినాడు గదా, ఆకలితో ఉంటాడని తెల్లారకముందే లేసి చేసింది. రాగిసంగటి, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి. ఆయనకు శానా ఇష్టం." కొంగు తలమీద కప్పుకుంది. "ఇంగ ఎవురికని ఇంటికి తీసకపోదుము?"

ఆమె వెళ్ళిపోయింది. కాసేపటికి పుంగనూరు బస్సు హారను మోగింది, మోగి దూరమైంది. అంకయ్య పొడి తువ్వాలు తెచ్చి తిమోతి భుజంమీద వేశాడు, అతను మూటవైపు తిననా వద్దా అన్నట్టు చూడటం గమనించి లోపలికి పోయాడు. తిమోతి తల తుడుచుకుని, నర్సమ్మ కోటు ఒళ్ళోకి తీసుకుని, సూదిలో దారం ఎక్కించుకుని, బల్ల ఈ చివర కూర్చున్నాడు.

ఆ చివర మూట అట్లాగే ఉంది. పాతచీర చెంగు చించిన గుడ్డ, కింద ముడి గట్టిగా ఉంది, నీళ్ళలో నాని కొంకర్లుపోయిన వేళ్ళకు సులువుగా రావాలని పైముడి మాత్రం వదులుగా వేసి ఉంది.